తప్పు ఎప్పుడు బయటపడుతుంది? పనివాళ్ల కోర్సులను కొలవడానికి ఒక దారి

ఇరవై ఏళ్లుగా తాపీ పని చేస్తున్న మేస్త్రిని శిక్షణ కేంద్రానికి రమ్మని పిలిస్తే, నాకు తెలియనిది వాళ్లేం నేర్పుతారని అడుగుతాడు. ఆ ప్రశ్నను అహంకారమని కొట్టివేయడం తప్పు. ఎన్నో ఇళ్ల గోడలు అతని తూకపు గుండు నిటారుగా నిలబెట్టినవే. అదే ఊళ్లో అతని కూతురు మగ్గం వర్కు కోర్సులో చేరుతుంది. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడొకరు మిద్దెతోట శిక్షణకు పేరు ఇస్తారు. పగలంతా ఆఫీసులో గడిపిన ఉద్యోగిని సాయంత్రం వీణ తరగతికి వెళుతుంది. వీటన్నిటినీ మనం కోర్సు అనే ఒక్క మాటతోనే పిలుస్తాం కానీ, ఆ మాట చాటున ఉన్నవి ఒకదానితో ఒకటి పొసగని పనులు. ఒకటి మనకు వచ్చిన పనిని పరీక్షించి కాగితం ఇస్తుంది, మరొకటి రాని పనిని నేర్పుతుంది, ఇంకొకటి చట్టం అడిగే అనుమతికి దారి చూపుతుంది, వేరొకటి కేవలం సాధనకు చోటు ఇస్తుంది. ఏది ఏదో తెలియకుండా చేరినవారు డబ్బునే కాదు, ఒక్కోసారి ఒక పూర్తి కాలాన్ని పోగొట్టుకుంటారు.

మేస్త్రి నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే చిక్కు ఎక్కువగా ఉన్నది అక్కడే. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పనిలో నేర్చిన నైపుణ్యాన్ని గుర్తించే ఏర్పాటు ఒకటి ఉంది. అనుభవం ఉన్న పనివాడిని పిలిచి, సుమారు 12 గంటల పాటు భద్రతా నియమాలు, పరీక్ష తీరు వివరించి, పని చేయించి చూసి, సర్టిఫికెట్ ఇవ్వడం దాని పద్ధతి. అవసరమనుకుంటే మరికొన్ని గంటల అదనపు శిక్షణ జోడించవచ్చు. అంటే ఇది ప్రధానంగా నేర్పే కోర్సు కాదు, తూచే కోర్సు. తూచడం చిన్న పని కాదు. పల్లెలో పేరున్న మేస్త్రి హైదరాబాదులో ఒక పెద్ద నిర్మాణ స్థలానికి వెళితే, అతని పేరు అక్కడ ఎవరికీ తెలియదు, అప్పుడు ఆ కాగితమే అతని తరఫున మాట్లాడుతుంది. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారికి ఇలాంటి తూకం మరీ ముఖ్యమవుతోంది. సౌదీ అరేబియా ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్ల వంటి వృత్తులవారికి బయలుదేరే దేశంలోనే నైపుణ్య పరీక్ష పెడుతోంది. అయితే సొంత ఊళ్లో ఇల్లు కట్టించుకునే యజమాని ఆ కాగితాన్ని అడగడు, అది చూసి కూలి పెంచడు. కూలి పెరుగుతుందని చెప్పి మేస్త్రులను చేర్పించడం న్యాయం కాదని నా అభిప్రాయం.

మరి ఇరవై ఏళ్ల అనుభవం తర్వాత అతను నేర్చుకోవలసింది ఏమైనా ఉందా? ఉంది, కానీ అది చేతి నేర్పు లోపం వల్ల వచ్చిన అవసరం కాదు. గోడ వంకరపోతే ఆ సాయంత్రానికే కనబడుతుంది, పెద్ద మేస్త్రి తిడతాడు, వరుస విప్పి మళ్లీ కట్టిస్తాడు. ప్లాస్టరింగ్ ఎగుడుదిగుడుగా వస్తే బద్ద పెట్టగానే తెలుస్తుంది. ఇలా వెంటనే బయటపడే తప్పులను గురుశిష్య పద్ధతి అద్భుతంగా దిద్దుతుంది, దానికి తరగతి గది అక్కరలేదు. కాంక్రీటు సంగతి వేరు. అందులో జరిగిన తప్పు సెంట్రింగ్ విప్పిన రోజున కనబడదు. ఏళ్లు గడిచాక స్లాబు అడుగున పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన ఇనుము బయటపడుతుంది. అప్పటికి ఆ మేస్త్రి ఎక్కడో మరో ఊళ్లో పని చేస్తుంటాడు. తన తప్పు ఫలితం తన కంట పడని పనిలో ఎన్నేళ్ల అనుభవమైనా పాఠం చెప్పలేదు, కోర్సు అవసరం నిజంగా మొదలయ్యేది ఇక్కడే.

ఉదాహరణకు నీళ్ల లెక్క తీసుకోండి. భారత ప్రమాణాల సంస్థ 2000లో సవరించిన కాంక్రీటు ప్రమాణం ప్రకారం, ఇళ్లలో మామూలుగా వాడే ఎం20 రకం మిశ్రమాన్ని పాళ్ల లెక్కన కలిపేటప్పుడు 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లకు మించి నీళ్లు పోయకూడదు. తడి ఇసుకలో ఉన్న నీటిని కూడా అందులోనే లెక్కించాలి. పని స్థలంలో మాలు సులువుగా జారాలని మరో బకెట్ పోస్తారు. పోసినందుకు ఆ రోజు అంతా మేలే జరిగినట్టు ఉంటుంది, పని త్వరగా అవుతుంది, పైభాగం నున్నగా వస్తుంది. ఆ అదనపు నీరు ఆవిరై వదిలిన సన్నని రంధ్రాల గుండా తేమ, గాలి లోపలికి వెళ్లి ఇనుమును తినడం మాత్రం తర్వాతి కథ. క్యూరింగ్ కూడా అంతే. మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు కనీసం ఏడు రోజులు, థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద కలిసిన సిమెంటుకు కనీసం పది రోజులు తడపాలని అదే ప్రమాణం చెబుతుంది, వీలైతే 14 రోజులకు పెంచమంటుంది. ఇప్పుడు దుకాణాల్లో ఇళ్లకోసం అమ్ముడయ్యే సిమెంటులో ఎక్కువ భాగం బూడిద కలిసినదే. మేస్త్రి తన గురువు దగ్గర నేర్చిన రోజుల లెక్క మరో సిమెంటుది. ఏటి ఇసుక పోయి రోబో ఇసుక వచ్చింది. పది మిల్లీమీటర్ల మాలుతో పేర్చే ఇటుక పక్కన, మూడు మిల్లీమీటర్ల జిగురుతో అతికించే తేలిక దిమ్మలు వచ్చాయి. చెయ్యి అదే, సరుకు మారింది.

ఈ దృష్టితో చూస్తే కోర్సు నిడివిని కొలిచే కొలబద్ద ఒకటి దొరుకుతుంది. నేర్చుకునేవాడు తన తప్పును తానే చూడగలిగేంత కాలం ఆ కోర్సు సాగుతుందా? కాంక్రీటు బలాన్ని లెక్కించేది 28వ రోజున. 150 మిల్లీమీటర్ల ఘనాలు పోసి, నీళ్లలో ఉంచి, ఏడో రోజున కొన్నిటిని, 28వ రోజున కొన్నిటిని యంత్రంలో నలిపి చూస్తారు. ఒక బకెట్ ఎక్కువ పోసిన ఘనం, లెక్కగా పోసిన ఘనం పక్కపక్కన ఎంతెంత బరువు దగ్గర పగిలిందో కళ్లారా చూసిన మేస్త్రికి ఇక ఉపన్యాసం అక్కరలేదు. కానీ ఐదు రోజుల కోర్సులో చేరినవాడు ఆ దృశ్యం చూడకుండానే ఇంటికి వెళ్లిపోతాడు. 1998లో హైదరాబాదులో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, జనం నోట న్యాక్, నిరుద్యోగ యువతకు నెలల తరబడి వసతితో సహా ఇచ్చే శిక్షణకు ఉన్న విలువ ఇదే. పనిలో ఉన్న మేస్త్రి నెలల తరబడి రాలేడు నిజమే, కానీ ఒకే పని స్థలంలో మొదటి వారం ఘనాలు పోయించి, నెల తర్వాత ఒక్క పూట మళ్లీ పిలిచి పగలగొట్టి చూపించడం ఎవరికీ భారం కాదు. అలాంటి చిన్న ఏర్పాటును కార్యక్రమాల్లో రాసి ఉంచరు, ఎందుకంటే వాటిని రోజుల లెక్కన మంజూరు చేస్తారు.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకాన్ని కూడా ఇలాగే చూడాలి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, శిల్పి, తాపీ మేస్త్రి, దర్జీ మొదలైన 18 వృత్తులకు అది వర్తిస్తుంది. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, కోరినవారికి 15 రోజుల పైస్థాయి శిక్షణ, శిక్షణలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15 వేల రూపాయలు, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రూపాయల వరకు రుణం అందులోని అంశాలు. పనిముట్లకు, రుణానికి అది మంచి తలుపు, అర్హత ఉన్న ప్రతివారూ తట్టవలసిన తలుపు. అయితే నేర్చిన మేస్త్రి రోజు కూలి 500 కంటే ఎక్కువ కనుక, వారం శిక్షణ అతనికి నష్టంతో కూడిన వారం. ఆ నష్టానికి బదులుగా అతనికి తెలిసిన పనినే తిరిగి చెబితే, రెండోసారి పిలిచినా అతను రాడు.

చట్టం సంగతి కొంచెం తేలిక, అయినా చాలామంది ఇక్కడే పొరబడతారు. మన దేశంలో తాపీ పనికి, తోటపనికి, ఇంటి లోపలి అలంకరణకు లైసెన్సు అక్కరలేదు. కరెంటు పనికి కావాలి. రాష్ట్ర విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ లేకుండా ఎన్ని కోర్సుల సర్టిఫికెట్లు చూపినా అది అనుమతి కాదు. ఆర్కిటెక్ట్ అనే హోదాను 1972 నాటి చట్టం కాపాడుతోంది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కానివారు ఆ పేరు పెట్టుకోకూడదు. ఆ చట్టం రక్షించేది ఆ పేరునే తప్ప, ఆ పని మరెవరూ చేయకుండా అడ్డుకోదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంటీరియర్ డిజైన్ డిప్లొమా పూర్తిచేస్తే ఆర్కిటెక్ట్ అవుతారని సూచించే ప్రకటన ఏదైనా సరే అబద్ధం చెబుతున్నట్టే.

ఇక చదువుల లెక్క. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం 30 గంటల అభ్యాసాన్ని ఒక క్రెడిట్‌గా, అంటే చదువును కొలిచే ఒక కొలమానంగా, ఏడాదికి 1200 గంటలను 40 క్రెడిట్లుగా లెక్కిస్తుంది. వృత్తి విద్యకు, కళాశాల చదువుకు మధ్య ఇంతకాలం ఉన్న గోడలో అది ఒక కిటికీ తెరిచింది. బడి మానేసి పనిలో పడినవారు ఎప్పటికైనా మళ్లీ చదువులోకి రావచ్చునన్న ఆలోచన మనకు కొత్త కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది, ఇప్పుడు దాన్ని అంబేద్కర్ పేరుతో పిలుస్తున్నాం. కానీ క్రెడిట్ గంటలనే చూస్తుంది, రుతువులను చూడదు. 30 గంటలు ఒకే వారంలో గడిపినా, ఆరు నెలల్లో పరిచినా దానికి ఒకటే. కాగితపు లెక్కకు ఇది సరిపోతుంది, మొక్కకు మాత్రం సరిపోదు.

తోటపని కోర్సుల్లో ఈ వ్యత్యాసం మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మామిడి అంటు కట్టేది వానలు పడి గాలిలో తేమ ఉన్నప్పుడు. మండు వేసవిలో జరిగే శిక్షణలో కత్తి పట్టుకోవడం, కొమ్మను ఏటవాలుగా చెక్కడం, టేపు చుట్టడం నేర్పవచ్చు, అంటు మాత్రం బతకదు. బతకకపోతే తన కోత తప్పా, ఎండ తప్పా అన్నది నేర్చుకునేవాడికి తెలిసే దారి లేదు. మల్లెకు కొమ్మలు కత్తిరించేది చలికాలంలో, ఆ కత్తిరింపు సరైనదో కాదో చెప్పేది వేసవిలో పూసే పూలు. దానిమ్మకో నిమ్మకో గాలి అంటు కడితే వేళ్లు కనబడడానికి వారాలు పడుతుంది. ఇక ప్లాస్టిక్ సంచిలో ఎక్కువ కాలం ఉండి వేళ్లు చుట్టలు చుట్టుకున్న మొక్కను అలాగే పాతితే, ఏళ్ల తర్వాత ఒక గాలివానకు చెట్టు కూలినప్పుడు గానీ ఆ పొరపాటు బయటపడదు. కడియం నర్సరీల్లో పిల్లలు పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఏడాదంతా ఈ పనులు చూస్తూ పెరుగుతారు కనుక వాళ్లకు పంచాంగమే పాఠ్య ప్రణాళిక. పట్నంలో ఆదివారం ఒక్క పూట వర్క్‌షాపుకు వెళ్లినవారికి ఆ పంచాంగం అందదు. అందుకే ఒకేసారి ఆరు రోజులు పిలిచే శిక్షణ కంటే, నెలకు ఒక పూట చొప్పున ఏడాది పాటు పిలిచేది గంటల్లో సమానమైనా ఎన్నో రెట్లు మేలు. కృషి విజ్ఞాన కేంద్రాలు, వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, సిద్దిపేట జిల్లా ములుగులోని కొండా లక్ష్మణ్ పేరిట ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఏ శిక్షణ ఏ నెలలో జరుగుతుందో అడిగి తెలుసుకోవడం, ఫీజు ఎంతో అడగడం కంటే ముఖ్యం.

మిద్దెతోట విషయంలో తోటపని కోర్సు, నిర్మాణపు కోర్సు ఒకదాన్నొకటి తప్పక కలుసుకోవాలి, కానీ చాలా చోట్ల కలుసుకోవు. మనుషులు ఎక్కగల మిద్దెకు మన ప్రమాణాలు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువును లెక్కలోకి తీసుకుంటాయి. తడిసిన మట్టి పది సెంటీమీటర్ల మందంలోనే ఆ హద్దును దాటవచ్చు. పండ్ల మొక్కలకోసం ఒకటిన్నర అడుగు లోతు తొట్టెలను మిద్దె నడిమధ్యన వరుసగా పేర్చినవారు ఎంత బరువు ఎక్కించారో ఒకసారి లెక్క వేసుకోవాలి. కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపిన తేలిక మిశ్రమం వాడటం, బరువైన తొట్టెలను దూలాల మీదకు, స్తంభాల దగ్గరకు జరపడం, నీరు నిలవకుండా వాలు చూడటం ఇవన్నీ మొదటి తరగతిలోనే చెప్పవలసినవి. ఏ ఎరువు ఎంత వేయాలో మూడు గంటలు చెప్పి, స్లాబు గురించి ఒక్క మాట కూడా చెప్పని శిక్షణ మంచి శిక్షణ కాదు. ఈ తప్పు కూడా వెంటనే కనబడేది కాదు మరి.

డిజైన్ కోర్సుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఒక్క సంగతి గ్రహిస్తే చాలు. ఆటోక్యాడ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను నేర్పే కోర్సు గీసే పనిముట్టును నేర్పుతుంది, డిజైన్‌ను కాదు. డిజైన్ చదువు కనిపెట్టిన అసలు ఉపాయం ఏమిటంటే, ఆలస్యంగా బయటపడే తప్పును ముందుకు లాక్కురావడం. వంటగదిలో గట్టు ఎత్తు సరిపోలేదని వడ్రంగి పని ముగిశాక తెలిస్తే నష్టం లక్షల్లో ఉంటుంది, అదే గీసిన కాగితాన్ని పదిమంది ముందు గోడకు అంటించి గురువు ప్రశ్నిస్తే నష్టం ఒక కాగితమే. ఆ ప్రశ్నించే ఘట్టమే ఆ చదువుకు గుండెకాయ. 1995లో హైదరాబాదులో శాఖ తెరిచిన ఫ్యాషన్ విద్యా సంస్థ నిఫ్ట్ వంటివి ఉద్యోగులకోసం నడిపే నిరంతర విద్యా కోర్సులైనా, మన వీధి చివర ఉన్న మగ్గం వర్కు తరగతి అయినా, చేసిన పనిని విప్పించి మళ్లీ చేయించే మనిషి ఎదురుగా ఉన్నారా లేదా అన్నదే చూడాలి. వీడియో పాఠం ఎంత చక్కగా ఉన్నా మన కుట్టును చూడలేదు.

కళల దగ్గరకు వస్తే, పెద్దలు ఈ కాలం లెక్కను ముందే గ్రహించారనిపిస్తుంది. విజయనగరంలో 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులుగా మొదలైన సంగీత కళాశాల దారిలోనే మన ప్రభుత్వ సంగీత కళాశాలలు నడుస్తున్నాయి. సర్టిఫికెట్‌కు నాలుగేళ్లు, ఆపైన డిప్లొమాకు రెండేళ్లు అన్న ఏర్పాటు కొత్తగా చూసేవారికి అతిగా తోచవచ్చు. తన స్వరం తప్పినట్టు తన చెవికి తెలియడానికే మొదటి ఏళ్లు పోతాయని వీణ పట్టినవారికి చెప్పనక్కరలేదు.

ఈ చర్చకు అన్నిటికంటే బలమైన ఉదాహరణ శ్రీకాళహస్తిలో ఉంది. గుడ్డమీద కలంతో పురాణ కథలు రాసే కలంకారీ ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి దాదాపు కనుమరుగయ్యే స్థితికి చేరింది. చేతివృత్తుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1950ల చివరలో అక్కడ ఒక శిక్షణ కేంద్రం ఏర్పడింది. ఆ పని తెలిసి మిగిలిన కొద్దిమందిలో ఒకరైన జొన్నలగడ్డ లక్ష్మయ్య గురువయ్యారు. అక్కడ నేర్చినవారిలో ఒకరైన జె.గురప్ప చెట్టి 2008లో పద్మశ్రీ అందుకున్నారు. ఒక కోర్సు ఒక కళను నిలబెట్టిందని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం మన దగ్గర లేదు.

అది నిలబెట్టగలగడానికి కారణం ఆ పని స్వభావంలోనే ఉంది. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రావణంలో ముంచి ఆరబెట్టాలి, పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది. నల్లరంగుకు ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియనివ్వాలి. ఎరుపు కావలసిన చోట పటిక ద్రావణం రాస్తారు, రాసేటప్పుడు అసలు రంగు కనబడదు. తర్వాత పారే నీటిలో ఉతికి, రంగు చెక్కలతో కలిపి ఉడికించినప్పుడు పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పడుతుంది. పటిక ఎక్కడ తక్కువైందో, ఎక్కడ చిందిందో ఉడికే దాకా తెలియదు. ఉడికాక దిద్దడానికి వీలు లేదు. నగరంలో ఒక హాలులో రెండు పూటల కలంకారీ వర్క్‌షాపుకు వెళ్లినవారు, ముందే సిద్ధం చేసిన గుడ్డమీద ముందే పులియబెట్టిన నలుపుతో గీతలు గీసి సంతోషంగా తిరిగి వస్తారు. అందులో తప్పేమీ లేదు, కళమీద ప్రేమ అలా కూడా మొదలవుతుంది. అయితే వారు కలంకారీలో చూసింది గీతను మాత్రమే, రంగును చూడలేదు. స్వర్ణముఖి ఒడ్డున నేర్చినవాళ్లు ఒక గుడ్డ మొదటి ముంపు నుంచి చివరి ఉతుకు దాకా దాని వెంట ఉన్నారు, చెడిన గుడ్డలను కూడా వాళ్లే ఉతికారు.

ఇంకొక సంగతి కూడా ఆ ఊరి నుంచి తెలుస్తుంది. ఇప్పుడు అక్కడ కలం పట్టి జీవిస్తున్నవారిలో స్త్రీలు చాలామంది ఉన్నారు. తండ్రి నుంచి కొడుక్కు మాత్రమే అందే పని, కేంద్రంగా, తరగతిగా మారినప్పుడు ఇతరులకూ అందుతుంది. ఇళ్లు కట్టే చోట అది ఇంకా జరగలేదు. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా నిర్మాణ స్థలంలో ఇటుకలు మోసేది, మాలు అందించేది ఆడవాళ్లు, తాపీ పట్టేది మగవాళ్లు. ఏళ్ల తరబడి అదే చోట అదే పని కళ్లారా చూసిన ఆమె గోడ ఎలా లేపాలో తెలియక ఆగిపోలేదు. తాపీ ఆమె చేతికి ఎవరూ ఇవ్వరు, ఆమె వరుస వంకరపోతే విప్పి మళ్లీ కట్టే అవకాశం ఎవరూ ఇవ్వరు. నేర్చిన మేస్త్రికి కోర్సు కొన్ని విషయాల్లోనే అవసరం. ఆమెకు మాత్రం పనిలోకి ప్రవేశించే దారే కోర్సు. నిర్మాణ కార్మికుల సంక్షేమానికని 1996 నాటి చట్టం నుంచి కట్టడాల ఖర్చులో ఒక శాతం చొప్పున వసూలైన సెస్సు డబ్బులో ఒక పాలు, ఆమె కూలి పోకుండా మూడు నెలలు తాపీ పట్టించడానికి ఖర్చయితే, మొదటి నెలలో ఆమె పోసిన ఘనం 28వ రోజున ఎంత బరువు మోసిందో ఆమె కూడా చూస్తుంది.